రాత్రి 8:10 లెక్క: నిజాంపేటలో ఒక జంట బయటి తిండి ఖర్చు కేస్

2024 మార్చి 31, ఆదివారం. నిజాంపేట నుంచి ఒక జంట నా దగ్గరికి వచ్చారు. కుటుంబాల జమాఖర్చులు చూసి సలహా ఇవ్వడం నా పని. హైదరాబాద్‌లో తొమ్మిదేళ్లుగా చేస్తున్నాను. ఈ కేసు వాళ్ల అనుమతితోనే రాస్తున్నాను. పేర్లు, కంపెనీలు వదిలేశాను. అంకెలు వాళ్ల స్టేట్‌మెంట్లలోవే, కొన్నిచోట్ల వందకు సరిచేశాను.

ఆయనది ఒంగోలు వైపు, ఆమెది ఖమ్మం. పెళ్లయి రెండేళ్లు. ఆయన ఆఫీసు రాయదుర్గంలో, ఆమెది మాదాపూర్‌లో. ఇద్దరి జీతాలూ కలిపి చేతికొచ్చేది 1,28,000. సమస్య క్రెడిట్ కార్డు. బాకీ 1,40,000 దాకా పేరుకుంది. పది నెలలుగా మినిమమ్ డ్యూ, అంటే బిల్లులో బ్యాంకు అడిగే కనీస మొత్తం మాత్రమే కడుతున్నారు. రాగానే ఆయన అన్న మొదటి మాట, "మాకు పెద్ద ఖర్చులేం లేవు సార్, జీతం ఎటు పోతోందో తెలియడం లేదు."

ఈ మాట నేను చాలామంది దగ్గర విన్నాను. ఎవరూ అబద్ధం చెప్పరు. పెద్ద ఖర్చులు నిజంగానే ఉండవు.

కదలని ఖర్చులు ముందు రాసుకున్నాం. అద్దె, మెయింటెనెన్స్ 23,000. పెళ్లికి తీసుకున్న పర్సనల్ లోన్ ఈఎంఐ 18,400. కారు 11,800. రెండు వైపులా ఇళ్లకు పంపేది 15,000. చిట్టీ 10,000. సరుకులు 9,000, పెట్రోలు, క్యాబులు 7,500, కరెంటు, నెట్టు, ఫోన్లు 4,500. మొత్తం 99,200. అంటే నెలకి 28,800 మిగలాలి. మిగలడం లేదు.

జనవరి, ఫిబ్రవరి, మార్చి నెలల కార్డు, యూపీఐ స్టేట్‌మెంట్లు తెప్పించి, తిండికి సంబంధించిన ప్రతి లైనూ విడదీశాను. దీనికి నాకు ఒక సాయంత్రం పట్టింది. మూడు నెలల్లో బయటి తిండికి 80,700 పోయింది. నెలకి సగటున 26,900. అందులో రాత్రి యాప్ ఆర్డర్లు 33,900, శని ఆదివారాల హోటళ్లు 19,800, ఆఫీసు దగ్గర కాఫీ, దాంతోపాటు తినేవి 15,600, పొద్దుటి టిఫిన్లు, మధ్యాహ్నం భోజనాలు 11,400.

మిగలాల్సిన 28,800లో 26,900 ఇలా వెళ్లిపోతే బట్టలకీ, మందులకీ, ఊరి ప్రయాణాలకీ ఉన్నది 1,900. కార్డు మినిమమ్ డ్యూనే 7,000. అందుకే నెల చివరి పది రోజులూ కార్డు మీదే బతుకుతున్నారు.

కార్డు సంగతి ఇక్కడ వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఇది చాలామందికి తెలియదు. ఆ కార్డుకి వడ్డీ నెలకి 3.5 శాతం. 1,40,000 మీద 4,900. ఆ వడ్డీ మీద మళ్లీ 18 శాతం జీఎస్టీ, 882. అంటే వాళ్లు కట్టే 7,000లో 5,782 వడ్డీకీ పన్నుకీ పోతోంది, అసలు బాకీ దాదాపు కదలడం లేదు. ఇంకో విషయం ఉంది. పాత బాకీ పూర్తిగా తీర్చనంత కాలం కొత్తగా గీకే దానికి వడ్డీ లేని రోజులు ఉండవు. ఈ రాత్రి 600 పెట్టి తెప్పించిన ఫ్రైడ్ రైస్‌కి ఈ రాత్రి నుంచే వడ్డీ మొదలవుతుంది. ఆమె ఇది విని చాలాసేపు మాట్లాడలేదు. ఇన్నాళ్లూ ఈ విషయం తమకు ఎవరూ చెప్పలేదని తర్వాత అన్నారు.

ఒక ఆర్డరు బిల్లు ముందు పెట్టుకుని లైను లైనుగా చదివాం. ఒక మసాలా దోశ, ఒక ప్లేటు ఇడ్లీ. యాప్‌లో 110, 70. ప్యాకింగ్ 15. ఈ 195 మీద 5 శాతం జీఎస్టీ 9.75. డెలివరీ 38. ప్లాట్‌ఫామ్ ఫీజు పన్నుతో 5.90. మొత్తం 249. ఆ టిఫిన్ సెంటరు వాళ్ల అపార్ట్‌మెంటుకు 900 మీటర్ల దూరం. అక్కడ గోడ మీది బోర్డులో దోశ 90, ఇడ్లీ 55, కలిపి 145. నూట నాలుగు రూపాయలు ఎక్కువ ఇచ్చి, డబ్బాలో ఆవిరికి మెత్తబడిపోయిన దోశ తిన్నారు. "ఆ దోశ బాగుందా?" అని అడిగాను. ఇద్దరికీ గుర్తు లేదు.

ఆ జవాబుతోనే నాకు ఒక పద్ధతి తట్టింది. ఇప్పుడు ప్రతి కేసులోనూ దాన్నే వాడుతున్నాను. మూడు నెలల లిస్టు ప్రింటు తీసి ఇద్దరికీ చెరో పెన్ను ఇచ్చాను. తేదీ, హోటలు పేరు చూసి ఏం తిన్నారో, ఎలా ఉందో గుర్తొస్తే టిక్కు పెట్టాలి, రాకపోతే వదిలేయాలి. శని ఆదివారాల్లో 14 సార్లు బయటికి వెళ్లారు, అందులో 13కి టిక్కులు పడ్డాయి. మార్చిలో రంజాన్ మొదలయ్యాక స్నేహితులతో వెళ్లి తిన్న హలీం గురించి ఆయన ఐదు నిమిషాలు చెప్పారు. రాత్రి ఆర్డర్లు 58. వాటిలో టిక్కు పడినవి 9.

అంటే 49 రాత్రుల తిండి, సగటున 584 రూపాయల లెక్కన, గుర్తు కూడా లేకుండా పోయింది. ఇష్టపడి తిన్నదానికీ, ఆ పూట గడవడానికి తిన్నదానికీ ఉన్న తేడా వాళ్లకి అక్కడ కనిపించింది. నాకూ కనిపించింది, కానీ దాన్ని ఎలా వాడుకోవాలో నాకు ఇంకా తెలియలేదు.

ఇక్కడ నేను తప్పు చేశాను. ఏప్రిల్ 1 నుంచి రెండు ఫోన్లలోనూ యాప్‌లు తీసేయమన్నాను. బయటి తిండికి నెలకి 5,000 దాటకూడదన్నాను. అన్నీ ఇంట్లో వండుకోమన్నాను. ఆయన కాఫీ కూడా మానేయమన్నాను. కాగితం మీద నెలకి 21,900 మిగిలేలా కనిపించింది. ఆ అంకె చూసి ముగ్గురం సంతోషపడ్డాం.

పన్నెండు రోజులు నడిచింది. ఉగాది కూడా ఇంట్లోనే చేసుకున్నారు. ఏప్రిల్ 13, 14 తేదీల్లో, ఆ శని ఆదివారాల్లో, రెండు రోజుల్లో 6,450 ఖర్చు పెట్టారు. ఆయన సిగ్గుపడుతూ ఫోన్ చేశారు. ఆమెతో మాట్లాడాలన్నాను. ఆమె చెప్పింది ఇదీ: "ఆఫీసు నుంచి 8:30కి వస్తాను సార్. వచ్చి కూరగాయలు కోసి, వండి, తిని, గిన్నెలు తోమేసరికి 11 అవుతుంది. పొద్దున్న టిఫిన్‌కీ బాక్సులకీ 5:30కి లేస్తున్నాను. మీరు డబ్బు మిగల్చమన్నారు, మిగిలింది. అది నా నిద్రలోంచి వచ్చింది."

ఆ మాట నన్ను చాలా రోజులు వదల్లేదు. నేను రాసిన ప్లానులో "ఇంట్లో వండుకోవాలి" అని ఉంది తప్ప, ఎవరు వండాలో ఎక్కడా లేదు. రాయకపోతే ఆ పని ఎవరి మీద పడుతుందో మన ఇళ్లల్లో అందరికీ తెలుసు. ఇద్దరూ ఉద్యోగం చేసే ఇంట్లో తిండి ఖర్చు తగ్గించమని చెప్పేవాళ్లు ముందు ఇది అడగాలి. నేను అడగలేదు.

మళ్లీ కూర్చున్నాం. ఈసారి డబ్బు పక్కన పెట్టి గడియారం పట్టుకున్నాం. ప్రతి ఆర్డరు మీదా టైము ఉంటుంది. 58 రాత్రి ఆర్డర్లలో 47 సరిగ్గా 8:10, 8:50 మధ్య పెట్టినవే. ఆయన 6:45కి రాయదుర్గంలో బయల్దేరితే ఇంటికి చేరేది 8:05. బట్టలు మార్చుకోకముందే, సోఫాలో కూర్చుని, "ఏం తిందాం" అని ఆమెకి మెసేజ్ పెడతారు. ఆమె దారిలో ఉంటారు. ఫ్రిజ్‌లో పెరుగు, నాలుగు టమాటాలు, ఆయన తల్లి పంపిన గోంగూర పచ్చడి సీసా. దానికి కట్టిన గుడ్డ కూడా విప్పలేదు. ఇద్దరికీ ఆకలి, ఇద్దరికీ ఓపిక లేదు. పదిహేను నిమిషాల్లో ఆర్డరు పడిపోతుంది.

కాబట్టి అడగాల్సింది ఒకటే: 8:10కి ఇల్లు చేరిన మనిషి 8:45కల్లా ఇద్దరికీ అన్నం పెట్టాలంటే ఇంట్లో ఏం ఉండాలి?

జవాబు వాళ్ల వీధి చివరే ఉంది. కర్రీ పాయింట్. హైదరాబాద్‌లో, విజయవాడలో, వైజాగ్‌లో ఏ కాలనీకి వెళ్లినా రెండు మూడు కనిపిస్తాయి. సాయంత్రం స్టీలు గిన్నెలు వరసగా పెట్టుకుని, పప్పు, వేపుడు, పులుసు, సాంబారు కవర్లలో కట్టి ఇస్తారు. వాళ్ల వీధిలో ప్యాకెట్టు 40 రూపాయలు. ఆయన రోజూ దాని ముందునుంచే బండి మీద వస్తారు. ఎప్పుడూ ఆగలేదు. "అది బ్యాచిలర్ల కోసం కదా సార్" అన్నారు.

కాదు. రోజూ తాజాగా వండి, తొందరగా అమ్ముడైపోయే చోటు చూసుకుంటే అది అలసిపోయిన ఎవరికైనా పనికొస్తుంది. నూనె కాస్త ఎక్కువ వేస్తారు, ఉప్పూ అంతే. అందుకే వారానికి మూడు రోజులే అనుకున్నాం. ఆయన వస్తూ ఒక పప్పో సాంబారో, ఒక వేపుడో తెస్తారు, 80 రూపాయలు. రాగానే బియ్యం కడిగి కరెంటు కుక్కర్లో పెడతారు. స్నానం చేసి వచ్చేలోపు అన్నం అవుతుంది. పెరుగు ఉంది, పచ్చడి ఉంది. బియ్యం, పెరుగు కలుపుకున్నా ఇద్దరికీ 120 దాటదు. ఇంతకుముందు 584.

వండటమా, ఆర్డరు పెట్టడమా అని రెండే దారులున్నట్టు నేను ఆలోచించాను. మధ్యలో ఉన్న ఈ దారి నాకు ముందే తట్టి ఉండాల్సింది. అన్నం ఇంట్లో వండుకుని కూర కొనుక్కోవడం మన ఊళ్లలో కొత్తదేం కాదు.

మిగతా రాత్రుల్లో రెండు రోజులు ఇంట్లో వంట, అది ఆయన పని. వంట రాదన్నారు. నేర్చుకోవాల్సినవి మూడే అన్నాను. టమాటా పప్పు, కోడిగుడ్డు పొరటు, ఉప్మా. ఈ మూడూ వచ్చిన ఇంట్లో ఏ రాత్రీ ఆకలితో గడవదు. మొదటి పప్పులో ఉప్పు రెండుసార్లు వేశారట. మూడో వారానికి ఆమె "మా ఆయన పప్పు బాగా చేస్తారు" అని వాళ్ల అమ్మకి ఫోన్లో చెబుతుంటే విన్నానని ఆయన నాకు మెసేజ్ పెట్టారు. ఆదివారం పొద్దున్న ఇద్దరూ కలిసి గంటన్నర కేటాయిస్తారు. అల్లం వెల్లుల్లి ముద్ద, సీసాడు పులిహోర పులుసు, కందిపొడి, దోశల పిండి. పులిహోర పులుసు ఫ్రిజ్‌లో ఉంటే అన్నం ఉడికిన ఐదు నిమిషాల్లో భోజనం తయారు. కందిపొడి, నెయ్యి ఉంటే అదీ అక్కర్లేదు.

గిన్నెలకి పనిమనిషిని పెట్టుకోమని నేనే పట్టుబట్టాను. నెలకి 1,500. ఖర్చు తగ్గించడానికి వచ్చి కొత్త ఖర్చు పెట్టించడమేంటని ఆయన ఆశ్చర్యపోయారు. సింకులో నిన్నటి గిన్నెలు కనిపిస్తే ఎవరికీ పొయ్యి వెలిగించబుద్ధి కాదు. ఆ 1,500 లేకపోతే మిగతాదంతా రెండు వారాల్లో కూలిపోతుందని నా నమ్మకం.

గురువారం రాత్రి మాత్రం యాప్ ఆర్డరే. ఆ రోజు ఆమెకి ఆఫీసు కాల్స్ పదింటిదాకా ఉంటాయి. ఏం తెప్పించాలో ఆమె ఇష్టం. ఆదివారం బిర్యానీ జోలికి నేను పోలేదు. టిక్కు పడ్డవాటిని ముట్టుకోకూడదని నియమం పెట్టుకున్నాను. ఒకటే మార్చాం, ఇంటికి తెప్పించుకోకుండా వెళ్లి తినడం.

ఇక కాఫీ. పొదుపు గురించి మాట్లాడేవాళ్లు మొట్టమొదట పట్టుకునేది కాఫీనే. ఈ ఇంట్లో కాఫీకి నెలకి 5,200, రాత్రి ఆర్డర్లకి 11,300. చిన్నదాన్ని ముందు కోస్తే మనిషికి కోల్పోయిన బాధ పెద్దగా ఉంటుంది, మిగిలేది తక్కువ. అందుకే రెండోసారి కాఫీని జూన్ దాకా కదపలేదు.

ఆయన కాఫీ లిస్టులో టిక్కులు లేవు. కానీ కాఫీ ఎందుకని అడిగితే, "నాలుగింటికి టీమంతా కిందికి దిగుతాం సార్, ఆ అరగంట లేకపోతే రోజు గడవదు" అన్నారు. ఆయనకి కావాల్సింది ఆ అరగంట. 195 రూపాయల కాఫీ దానికి టిక్కెట్టు లాంటిది. పైగా ఆయన ఒంగోలులో అమ్మ చేతి ఫిల్టర్ కాఫీ తాగి పెరిగిన మనిషి. కెఫేలో తాగే చల్లటి, తియ్యటి కాఫీ తనకి పెద్దగా ఇష్టం కూడా లేదని ఆ రోజే చెప్పారు.

స్టీలు ఫిల్టరు ఒకటి కొన్నారు. 80 పాళ్లు కాఫీ, 20 పాళ్లు చికోరీ కలిపిన పొడి, నెలకి అరకిలో, 320 రూపాయలు. మొదటి వారం పాలు కలిపిన కాఫీనే ఫ్లాస్కులో పట్టుకెళ్లారు. సాయంత్రానికి పాల వాసన వచ్చి పారబోశారు. ఆ తర్వాత డికాషన్ ఒక్కటే చిన్న సీసాలో తీసుకెళ్లడం మొదలుపెట్టారు. రాత్రి పడుకునే ముందు పైగిన్నెలో పొడి వేసి, పళ్లెంతో మెల్లగా అదిమి, మరిగే నీళ్లు పోసి మూత పెడతారు. పొద్దుటికి చిక్కగా దిగి ఉంటుంది. ఆఫీసు ప్యాంట్రీ ఫ్రిజ్‌లో పెట్టుకుని, నాలుగింటికి అక్కడి పాలే వేడి చేసుకుని కలుపుకుంటారు. గట్టిగా అదిమితే డికాషన్ దిగదు, వదులుగా వదిలేస్తే నీళ్లలా జారిపోతుంది. ఇది చేతికి రావడానికి ఆయనకి పది రోజులు పట్టింది. ఇప్పుడు టీములో ఇద్దరు ఆయన సీసా కోసం ఎదురుచూస్తారట.

బుధ, శుక్రవారాల్లో టీముతో కిందికే వెళ్తారు. కాఫీ ఖర్చు 5,200 నుంచి సుమారు 2,000కి దిగింది. ఆమె ఆఫీసు బయట తాగే ఇరానీ చాయ్ నేను లెక్కలోకే తీసుకోలేదు.

ఫలితాలు. బయటి తిండి మేలో 14,600, జూన్‌లో 11,900, జూలైలో 13,700. జూలైలో బోనాలకి ఆమె వైపు చుట్టాలు వచ్చారు, అది తగ్గించాలని నేను అడగలేదు. సగటు 13,400. అంటే 13,500 తగ్గింది. కానీ ఈ అంకెని అలాగే రాసుకుని సంబరపడకూడదు. ఇంట్లో తింటే సరుకుల ఖర్చు పెరుగుతుంది. కూర ప్యాకెట్లు, కూరగాయలు, గుడ్లు, పెరుగు, కాఫీ పొడి అన్నీ కలిపి 9,000 నుంచి 12,400 అయింది. పనిమనిషికి 1,500. ఇవి తీసేస్తే నికరంగా మిగిలింది నెలకి 8,600. మొదటి ప్లానులో నేను చూపించిన 21,900 పక్కన ఇది చిన్నదే. కానీ అది పన్నెండు రోజులు నిలిచింది, ఇది ఏడాది దాటింది.

కార్డు బాకీని మేలోనే ఈఎంఐగా మార్పించాం. బ్యాంకుకి ఫోన్ చేసి అడిగితే 12 నెలలకి, ఏడాదికి 16 శాతం వడ్డీతో ఇచ్చారు. వాయిదా సుమారు 12,700. మినిమమ్ డ్యూ కంటే 5,700 ఎక్కువ, అది తిండిలో మిగిలినదాంట్లోంచే వచ్చింది. పాత పద్ధతిలో వడ్డీ, పన్ను నెలకి 5,782. కొత్త పద్ధతిలో మొత్తం ఏడాదికి వడ్డీ దాదాపు 12,400, దాని మీద జీఎస్టీ, ప్రాసెసింగ్ ఫీజు అదనం. కార్డుని కవర్లో పెట్టి అంటించి బీరువాలో చీరల కింద దాచారు. యాప్‌ల నుంచి కార్డు వివరాలు తీసేశారు. తిండికని వేరే సేవింగ్స్ అకౌంటు తెరిచి, ఒకటో తారీఖున అందులో 14,000 వేసుకుని, దానికే యూపీఐ పెట్టుకున్నారు. అందులో డబ్బు అయిపోతే ఆ నెల బయటి తిండీ అయిపోయినట్టే.

అన్ని నెలలూ ఇలాగే లేవు. అక్టోబరులో ఆమెకి ఆఫీసులో పని ఎక్కువై, ఆయనకి జ్వరం వచ్చి, మూడు వారాలు రోజూ ఆర్డర్లే. ఆ నెల 19,200. తిండి అకౌంటు ఖాళీ అయ్యాక అత్యవసరానికి దాచుకున్న డబ్బులోంచి 5,200 తీశారు. నాకు చెప్పడానికి మొహమాటపడ్డారు. ఆ డబ్బు ఉన్నది అందుకేనని చెప్పాను. కార్డు మాత్రం బీరువాలోంచి బయటికి రాలేదు. నేను చూసుకున్నది అదొక్కటే. నవంబరులో మళ్లీ 13,000 దగ్గరికి వచ్చారు.

2025 మేలో చివరి వాయిదా కట్టారు. ఆ 12,700లో 8,000 ఆర్‌డీకి (బ్యాంకులో నెలనెలా వేసే డిపాజిట్), మిగతాది పర్సనల్ లోన్ ముందుగా తీర్చడానికి పక్కన పెడుతున్నారు.

ఈమధ్యే ఆమె ఫోన్ చేశారు. ఇప్పుడు ఐదో నెల. సీమంతం అయ్యాక పుట్టింటికి, ఖమ్మం వెళ్తారు. కాన్పు తర్వాత మూడు నెలలు అక్కడే. అంటే దాదాపు ఆరు నెలలు ఆయన 8:10కి ఖాళీ ఇంటికి వస్తారు. ఒక్కరి కోసం కుక్కరు పెట్టుకోవడానికి ఎవరికీ మనసు రాదు. ఆమె అడిగింది డబ్బు గురించి కాదు, "ఆయన సరిగ్గా తింటారా సార్" అని. వచ్చే శనివారం ముగ్గురం కూర్చుంటున్నాం. ఈసారి ఆయన తల్లిని కూడా ఫోన్లో కలపమన్నాను.